ప్రపోజల్ మనది, కలం ఎవరిది?

దళిత సంఘాలు, నిధులు, కన్సల్టెంట్లు: వరంగల్ అనుభవం నుంచి కొన్ని మాటలు

పోయిన వానాకాలంలో హనుమకొండలో ఒక జిరాక్స్ షాపు ముందు తెలిసిన అన్న ఒకరు కలిశాడు. ఒక దళిత యువజన సంఘానికి కార్యదర్శి. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ కాగితాలు, పేపర్ కటింగులు. "చెల్లె, ఒకాయన ప్రాజెక్టు రాసిస్తనంటుండు. ముందుగాల పాతిక వేలు, మంజూరైనంక పది శాతం. ఇయ్యొచ్చునా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. స్వచ్ఛంద సంస్థల మీద పీహెచ్‌డీ చేస్తున్నానని తెలిసినప్పటి నుంచి వరంగల్, హనుమకొండ, జనగామ వైపు సంఘాల వాళ్లు ఇదే అడుగుతున్నారు. పని చేసేది వాళ్లు. వాడల్లో తిరిగేది, పోలీస్ స్టేషన్ మెట్లెక్కేది, పేషీలకు తోడు పోయేది వాళ్లు. ఆ పని గురించి ఇంగ్లీషులో పది పేజీలు రాయాల్సి వచ్చేసరికి ఆగిపోయేదీ వాళ్లే. అక్కడే కన్సల్టెంట్ వస్తాడు. మంచి కన్సల్టెంట్లు ఉన్నారు, దళారులూ ఉన్నారు. ఎవరు ఎవరో గుర్తుపట్టాలంటే ముందు ఈ పని ఎట్లా నడుస్తుందో మనకు తెలియాలి. ఈ వ్యాసం అందుకే.

మొదటి పాఠం నాకు ఒక అమ్మ చెప్పింది

నేను రాసిన మొదటి ప్రపోజల్ ఒక ఊరి దళిత మహిళల సంఘం కోసం. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలు చూసి రాశాను. 'నిస్సహాయులు', 'అవగాహన లేనివారు', 'గొంతు లేనివారు' అన్న మాటలు పేజీకి నాలుగైదు పడ్డాయి. పంపేముందు సంఘం మీటింగులో తెలుగులో చదివి వినిపించాను. అంతా విన్నాక ఒక పెద్దామె అడిగింది: "బిడ్డా, గిది మా ముచ్చటేనా? మేం కేసు పెట్టినం. ఆరు పేషీలకు పోయినం. రాజీ పడుమంటే పడలే. గదేమో ఒక్క ముక్క లేదు. మాకు నోరు లేదని ఎవలు చెప్పిన్రు నీకు?"

సమాధానం చెప్పలేకపోయాను. ఆ రాత్రి మళ్లీ రాశాను. సంఘంలో ఎంతమంది ఉన్నారు, నెలనెలా ఎంత పొదుపు చేస్తున్నారు, ఎన్ని అర్జీలు పెట్టారు, ఎన్నింటికి జవాబు వచ్చింది, కేసు ఎక్కడ ఆగింది అన్నవి ముందు పెట్టాను. అప్పుడు అర్థమైంది, అంతకుముందు రాసింది ప్రపోజల్ కాదు, దయాభిక్ష అర్జీ అని.

ఈ తేడా వరంగల్‌లో కొత్తగా కనిపెట్టాల్సింది కూడా కాదు. 1991లో సొసైటీగా నమోదై ఇక్కడి నుంచే ఎదిగిన బాల వికాస సంస్థ తాగునీటి శుద్ధి ప్లాంట్లు పెట్టిన ఊళ్లలో జనం వాటా, ఊరి కమిటీ నిర్వహణ అనే షరతులతోనే పనిచేసింది. ఆ ఆలోచనకు ప్రపంచంలో ఒక పేరుంది: సమాజానికి ఏం లేదో కాకుండా, ఏం ఉందో ముందు లెక్కపెట్టే పద్ధతి. దీనిని అమెరికాలో జాన్ క్రెట్జ్‌మన్, జాన్ మెక్‌నైట్ 1993లో పుస్తకంగా రాశారు. ఈ పద్ధతితో ఒక చిక్కు ఉంది. ఉన్నది మాత్రమే చూస్తే, లేకుండా చేసింది ఎవరనే ప్రశ్న మరుగున పడుతుంది. కాబట్టి దళిత సంఘం ప్రపోజల్‌లో రెండూ ఉండాలి: మన బలం ఏమిటి, మనకు రావాల్సింది ఎవరి దగ్గర ఆగింది.

ప్రపోజల్‌లో ఏముంటుంది?

ఏ దాత ఫారం తీసుకున్నా అడిగేవి ఐదు ప్రశ్నలే. సమస్య ఏమిటి? దాని మీద పనిచేయడానికి మీకున్న అర్హత ఏమిటి? ఏం చేస్తారు? చేస్తే ఏం మారుతుంది, మారిందని ఎట్లా తెలుస్తుంది? ఎంత ఖర్చవుతుంది? పెద్ద ప్రపోజల్ కంటే ముందు రెండు మూడు పేజీల్లో ఇవే ప్రశ్నలకు జవాబు రాస్తే దానిని కాన్సెప్ట్ నోట్ అంటారు. చాలామంది దాతలు ముందు అదే అడుగుతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంఘం నాలుగు మండలాల్లో అట్రాసిటీ కేసుల వెంట ఉండి, బాధితులకు తోడ్పడాలనుకుంటున్నది. సాధారణంగా ప్రపోజల్‌లో ఏం రాస్తారు? 'చట్టంపై 40 అవగాహన సదస్సులు, 2,000 కరపత్రాలు.' ఏం మారుతుందంటే 'అవగాహన పెరుగుతుంది.' పెరిగిందని ఎట్లా తెలుస్తుందంటే 'సదస్సు ఫొటోలు, సంతకాల జాబితా.'

ఇది బలహీనమైన ప్రపోజల్. మన చేతిలో అంతకంటే గట్టి కొలబద్ద ఉంది. అది చట్టమే. 1989 అట్రాసిటీ నిరోధక చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయాలి. చార్జిషీటు పడ్డ తర్వాత వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ పూర్తి కావాలని 2015 సవరణ చెప్తుంది. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. బాధితులకు పరిహారం విడతలుగా అందాలి. చాలా నేరాలలో మొదటి విడత ఎఫ్ఐఆర్ నమోదైన దశలోనే రావాలి.

ఇప్పుడు అదే ప్రపోజల్ ఇట్లా మారుతుంది. మా నాలుగు మండలాల్లో గత మూడేళ్లలో నమోదైన కేసులు ఇన్ని. అందులో 60 రోజుల్లో చార్జిషీటు పడ్డవి ఇన్ని. మొదటి విడత పరిహారం అందినవి ఇన్ని. విజిలెన్స్ కమిటీ ఏడాదిలో నాలుగుసార్లు కూర్చోవాలి, కూర్చున్నది ఇన్నిసార్లు. ఈ లెక్కలు సమాచార హక్కు దరఖాస్తుతో తెచ్చుకోవచ్చు. పని మొదలయ్యే ముందటి ఈ లెక్కనే బేస్‌లైన్ అంటారు. రెండేళ్ల తర్వాత ఇవే లెక్కలు మళ్లీ తీస్తే మార్పు కనిపిస్తుంది, లేదా కనిపించదు. రెండోదైనా అది నిజమే. నిజం రాసిన సంఘాన్ని మంచి దాత వదులుకోడు.

నాలుగో గడిలో దాక్కున్న కులం

ప్రపోజల్‌తో పాటు 'లాగ్‌ఫ్రేమ్' అనే పట్టిక అడుగుతారు. ఇది 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైంది. తర్వాత ప్రపంచమంతా పాకింది. నాలుగు వరసలు, నాలుగు నిలువు గడులు. వరసల్లో కింది నుంచి పైకి: చేసే పనులు, వాటివల్ల చేతికొచ్చే ఫలితాలు, దానివల్ల వచ్చే మార్పు, చివరి లక్ష్యం. నిలువు గడుల్లో: వివరణ, కొలిచే సూచిక, రుజువు ఎక్కడ దొరుకుతుంది, చివరగా 'మనం నమ్ముకున్న పరిస్థితులు.'

ఈ నాలుగో గడిని జాగ్రత్తగా చూడండి. మన అదుపులో లేనివి, కానీ పని జరగాలంటే సరిగ్గా ఉండాల్సినవి అందులో రాస్తారు. వ్యవసాయ ప్రాజెక్టు అయితే 'వానలు సకాలంలో పడతాయి' అని. దళిత సంఘాల కోసం కన్సల్టెంట్లు రాసిన పట్టికల్లో నేను తరచుగా చూసిన మాట: 'స్థానిక యంత్రాంగం సహకరిస్తుంది.'

సమస్య అదే కదా! యంత్రాంగం సహకరిస్తే ఈ ప్రాజెక్టుతో పనేముంది? కులాన్ని వానలాగా, మన చేతిలో లేని వాతావరణంలాగా నాలుగో గడిలో పెట్టేస్తే, పనుల వరసలో మిగిలేది సదస్సులు, కరపత్రాలే. ఆ వాక్యాన్ని నాలుగో గడిలో నుంచి తీసి పనుల గడిలోకి తేవాలి: 'ఎఫ్ఐఆర్ నమోదు చేయని ప్రతిసారీ రాతపూర్వకంగా ఎస్పీకి ఫిర్యాదు', 'విజిలెన్స్ కమిటీ కూర్చోని ప్రతి మూడు నెలలకు కలెక్టర్‌కు వినతి', 'నిర్లక్ష్యం చేసిన అధికారి మీద చట్టంలోని సెక్షన్ 4 కింద చర్య కోరడం.' పట్టిక అదే. గడి మారింది. దాంతో ప్రాజెక్టు మారింది.

బడ్జెట్: పది శాతం అసలు ఎంత?

ఇప్పుడు ఆ అన్న అడిగిన ప్రశ్నకు వద్దాం. ఏడాదికి 12 లక్షల విదేశీ నిధి వచ్చిందనుకుందాం. కన్సల్టెంట్‌కు పది శాతమంటే లక్షా 20 వేలు. 12 లక్షల్లో అదెంత అనిపించవచ్చు. కానీ లెక్క అట్లా చూడకూడదు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి, అంటే ఎఫ్‌సీఆర్‌ఏకు, 2020లో సవరణ చేశారు. అంతకుముందు ఏడాదిలో వచ్చిన విదేశీ నిధిలో 50 శాతం వరకు పరిపాలన ఖర్చులకు వాడుకునే వీలుండేది. దానిని 20 శాతానికి కుదించారు. 12 లక్షల్లో 20 శాతమంటే 2 లక్షల 40 వేలు. ఏవి పరిపాలన ఖర్చులో నిబంధనల్లోనే ఉంది: ఆఫీసు అద్దె, కరెంటు, ఫోను, స్టేషనరీ, అకౌంటెంటు, వాహనం, నివేదికలు రాసే ఖర్చు, న్యాయ, వృత్తిపరమైన ఫీజులు. కన్సల్టెంట్ ఫీజు ఈ చివరి దాని కిందికి వస్తుంది. అంటే 'పది శాతం' ఇస్తే, చట్టం మనకు వదిలిన పరిపాలన ఖర్చులో సగం ఆయనకే పోతుంది. మిగతా సగంలో ఏడాదంతా అద్దె కట్టి, అకౌంటెంటును పెట్టుకుని, ఆడిట్ చేయించుకోవాలి.

పైగా మంజూరుకు ముందు జరిగిన ఖర్చును దాతలు సాధారణంగా ఒప్పుకోరు. అప్పుడేం జరుగుతుంది? కన్సల్టెంట్ వాటాను వేరే పద్దులో చూపిస్తారు. జరగని సదస్సు జరిగినట్టు, తిరగని బండికి డీజిల్ కొట్టించినట్టు బిల్లులు తయారవుతాయి. ఆడిట్‌లో దొరికితే సంతకం పెట్టిన అధ్యక్షుడు, కోశాధికారి దోషులవుతారు. కన్సల్టెంట్ పేరు ఏ కాగితం మీదా ఉండదు. దళిత సంఘం మీద 'డబ్బులు తిన్నారు' అనే మచ్చ పడితే అది ఆ ఒక్క సంఘంతో పోదు, ఊళ్లో మన మాటకే విలువ లేకుండా చేస్తుంది.

అందుకే నిధుల సేకరణ వృత్తిలో ఉన్నవాళ్ల అంతర్జాతీయ సంఘం తన నియమావళిలోనే శాతం మీద ఫీజు తీసుకోకూడదని రాసుకుంది. పనికి ఇంత, రోజుకు ఇంత అని ముందే మాట్లాడుకోవడం సరైన పద్ధతి.

బడ్జెట్‌లో ఇంకో సంగతి. వాడల్లో తిరిగే కార్యకర్త జీతం పరిపాలన ఖర్చా, కార్యక్రమ ఖర్చా? బడి నడిపే సంస్థలో టీచరు జీతం, ఆసుపత్రి నడిపే సంస్థలో డాక్టరు జీతం పరిపాలన ఖర్చు కాదని నిబంధనలు చెప్తాయి. హక్కుల సంఘంలో పారాలీగల్ కార్యకర్త చేసేదీ అట్లాంటి పనే. కానీ బడ్జెట్‌లో 'సిబ్బంది జీతాలు' అని ఒకే పద్దులో అందరినీ కలిపేస్తే ఆ తేడా చూపించలేం. ఎవరు ఏ పని చేస్తారో విడిగా రాయాలి, నియామక పత్రంలోనూ అదే ఉండాలి.

డబ్బు వచ్చే ఐదు దారులు

మొదటిది మన జనం. తెలుగు నేల మీద దళిత ఉద్యమం విదేశీ దాతలతో మొదలు కాలేదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి పెట్టినప్పుడు గానీ, 1985 జూలై 17న కారంచేడు మారణకాండ తర్వాత దళిత మహాసభ పుట్టినప్పుడు గానీ ముందు కదిలింది జనమే. ఈ దారిలో వచ్చే డబ్బు తక్కువ, కానీ దీనికి షరతులు లేవు. రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా, ఏడాదికోసారి జనం ముందు లెక్క చదవడం చాలు.

రెండోది దేశంలోని దాతలు. సొసైటీ నమోదు ఉండాలి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర రెండు నమోదులు కావాలి. రంగంలో ఇప్పటికీ అందరూ వీటిని 12ఏ, 80జీ అనే పిలుస్తారు. మొదటిది సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, రెండోది దాతకు మినహాయింపు. 2021 నుంచి ఇవి శాశ్వతం కావు, గడువు తీరేలోపు మళ్లీ దరఖాస్తు చేయాలి. ఆ తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి. నగదుగా ఇచ్చే విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు మినహాయింపు రాదు.

మూడోది కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఈ డబ్బు తీసుకునే సంస్థకు 12ఏ, 80జీ, మూడేళ్ల పని అనుభవం, సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. కంపెనీలు బడి గదులు, నీళ్ల ప్లాంట్లు ఇష్టపడతాయి. అట్రాసిటీ కేసు అంటే వెనక్కి తగ్గుతాయి. అయితే చట్టంలోని ఏడో షెడ్యూల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొంటున్న అసమానతలను తగ్గించే చర్యలు అన్న మాట స్పష్టంగా ఉంది. హాస్టల్ విద్యార్థినుల చదువు, సఫాయి కార్మికుల కుటుంబాలకు వేరే ఉపాధి వంటివి ఆ మాటను ఆధారం చేసుకుని అడగవచ్చు.

నాలుగోది విదేశీ నిధులు. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు కావాలంటే సంస్థ మూడేళ్లుగా ఉండి, ఆ మూడేళ్లలో తన లక్ష్యాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. వీటన్నిటికంటే చిన్న దళిత సంఘాలను ఎక్కువగా దెబ్బతీసింది 2020 సవరణలోని ఇంకో నిబంధన: ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని వేరే సంస్థకు బదిలీ చేయకూడదు. అంతకుముందు పెద్ద సంస్థ నిధి తెచ్చి, నమోదున్న చిన్న సంఘాలకు రెండు లక్షలు, మూడు లక్షలు పంచేది. ప్రపోజల్ తలనొప్పి పెద్ద సంస్థది, వాడలో పని చిన్న సంఘానిది. ఆ దారి మూతపడింది. ఈ సవరణలను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో సమర్థించింది.

హక్కుల పని చేస్తే నమోదు పోతుందనే భయం వట్టిది కాదు. గుజరాత్‌లో దళితుల మధ్య దశాబ్దాలుగా పనిచేసిన నవ్‌సర్జన్ ట్రస్టు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదును 2016 డిసెంబర్‌లో కేంద్ర హోంశాఖ రద్దు చేసింది. భయంతో పాటు తెలుసుకోవాల్సిన తీర్పూ ఒకటుంది. బంద్, రాస్తారోకో వంటి నిరసనలు చేసే సంస్థలను 'రాజకీయ స్వభావం' గలవిగా చూపి విదేశీ నిధి ఆపే నిబంధన మీద 2020 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా, జనం సమస్యల మీద న్యాయమైన నిరసనకు మద్దతిచ్చే సంస్థలకు అది వర్తించదని చెప్పింది.

ఐదోది ప్రభుత్వ నిధి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఖర్చు కాని నిధిని తర్వాతి ఏడాదికి కలపాలని అందులో ఉంది. ఇది మనం రాసే ప్రపోజల్‌తో వచ్చే గ్రాంటు కాదు, మన హక్కు. కానీ ఏ దాతకు రాసే ప్రపోజల్‌లోనైనా ఈ నిధి మన ఊరికి ఎంత రావాలి, ఎంత వచ్చింది అని వెంబడించే పనిని చేర్చవచ్చు. ఒక లక్ష గ్రాంటుతో పది లక్షల హక్కును రాబట్టగలిగితే, ఆ గ్రాంటు సార్థకమైనట్టే.

కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే

కన్సల్టెంట్ వద్దని నేను అనను. పని చేసేవాళ్లందరూ ఇంగ్లీషులో రాయాలని లేదు. డప్పు కొట్టేవాడే డప్పు చేయాలని లేదు కదా. కానీ డప్పు ఎట్లా మోగాలో కొట్టేవాడికి తెలియాలి. ఒప్పుకునే ముందు ఇవి తేల్చుకోండి.

మొదటిది, రాతపూర్వక ఒప్పందం. ఏం రాస్తారు, ఎన్ని రోజులు, ఎంత ఫీజు, దాత మార్పులు అడిగితే మళ్లీ రాస్తారా అన్నవి అందులో ఉండాలి. ఫీజు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, టీడీఎస్ కోసుకోవాలి. 'నగదు ఇవ్వండి, రసీదు లేదు' అన్నవాడిని అక్కడే వదిలేయండి.

రెండోది, తాళాలు. దర్పణ్ పోర్టల్, ఆదాయపు పన్ను, ఎఫ్‌సీఆర్‌ఏ లాగిన్లు, డిజిటల్ సంతకం, సంస్థ ఈమెయిలు మన దగ్గరే ఉండాలి. కన్సల్టెంట్ ఫోన్ నంబరు మీద లాగిన్ తెరిచి, ఆయనతో మాట తేడా వచ్చాక ఓటీపీ కోసం తిరిగే సంఘాలను నేను చూశాను.

మూడోది, దాతతో మాట. దాత ప్రతినిధి ఫోన్ చేస్తే మాట్లాడాల్సింది సంఘం వాళ్లు. తెలుగులో మాట్లాడి, ఎవరైనా అనువదించినా సరే.

నాలుగోది, నకలు. ఇదే ప్రపోజల్ పేర్లు మార్చి ఇంకో సంఘానికి అమ్మలేదని ఎట్లా తెలుస్తుంది? 'మా వాడకు ఎన్నిసార్లు వచ్చారు?' అని అడగండి. ఒక్కసారీ రాని మనిషి మన గురించి రాయగలిగేది అందరి గురించీ రాయగలిగేదే.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. పంపేముందు ప్రపోజల్ మొత్తం తెలుగులో సంఘం ముందు చదవాలి, బడ్జెట్‌తో సహా. ఎవరి జీతం ఎంతో అందరికీ తెలియాలి. ఆ అమ్మ నన్ను అడిగినట్టు ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న తట్టుకున్న ప్రపోజల్ ఏ దాత ప్రశ్ననైనా తట్టుకుంటుంది.

బాధను అమ్ముకోవద్దు

దాతలు 'ఒక కథ పంపండి, ఫొటో ఉంటే మంచిది' అంటారు. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెట్టడం నేరం. అట్రాసిటీ చట్టంలోని సెక్షన్ 15ఏ బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కునిచ్చింది. ప్రపోజల్‌లో ఊరి పేరు, వయసు, కేసు నంబరు కలిపి రాస్తే పేరు రాయకున్నా మనిషిని గుర్తుపట్టవచ్చు. ఆ ఫైలు ఎన్ని ఈమెయిళ్లు తిరుగుతుందో మనకు తెలియదు. అడగకుండా ఎవరి కథా రాయవద్దు. అడిగినప్పుడు కూడా 'వద్దు' అనే వీలు వాళ్లకు నిజంగా ఉండాలి. రేపు గ్రాంటు వస్తే ఆ సహాయం తమకు అందదేమోనని భయపడి అన్న 'సరే' సమ్మతి కాదు.

మన కథ మనమే చెప్పుకునే దారి కూడా ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కెమెరా పట్టారు. 2008 నుంచి మాచునూరులో సంఘం రేడియో నడుపుతున్నారు. వాళ్ల చిరుధాన్యాల సాగు గురించి ఎవరో బయటివాళ్లు వచ్చి రాసేదాకా వాళ్లు ఆగలేదు.

1942 నాటి ఒక దరఖాస్తు

ఎన్జీవోలు ఉద్యమాన్ని చల్లార్చాయనే విమర్శ మనలో గట్టిగా ఉంది. అందులో నిజముంది. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసినరోజే ఆఫీసు మూసుకున్న సంస్థలు మన కళ్ల ముందే ఉన్నాయి. అందుకే ఒక గీత గీసుకోవాలి. కేసుల ఫాలోఅప్, చదువు, లెక్కలు తీయడం, శిక్షణ ప్రాజెక్టులో పెట్టవచ్చు. ధర్నా ఎప్పుడు చేయాలి, రాజీ పడాలా వద్దా, ఎవరిని నిలదీయాలి అన్న నిర్ణయాలు ఏ బడ్జెట్ పద్దులోకీ రాకూడదు. అవి చందాలతో నడిచే సంఘం చేతిలోనే ఉండాలి.

ఆ గీతకు రెండువైపులా నిలబడి రాసిన మనిషి ఒకరున్నారు. 1942 అక్టోబర్‌లో డాక్టర్ అంబేద్కర్ వైస్రాయ్‌కి షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద ఒక వినతిపత్రం ఇచ్చారు. ఆయన దయ చూపమని అడగలేదు. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా మూడేసి లక్షలు ఇస్తున్నప్పుడు మా పిల్లల చదువుకు ఎందుకివ్వదని లెక్కతో నిలదీశారు. 1944 నుంచి షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ స్కాలర్‌షిప్పుతోనే కాలేజీ మెట్లెక్కి ఉంటారు. నేనూ అంతే.

ఆ పత్రంలో మంచి ప్రపోజల్‌కు ఉండాల్సినవన్నీ ఉన్నాయి: సమస్య, రుజువు, పోలిక, అడిగిన మొత్తం. లేనిది ఒక్కటే, చేతులు కట్టుకున్న భాష.

జిరాక్స్ షాపు ముందు కలిసిన అన్నకు నేను పాతిక వేలు ఇవ్వొద్దనే చెప్పాను. ఇద్దరు డిగ్రీ విద్యార్థులను, ఒక సీనియర్ అడ్వకేటును తీసుకుని వాళ్ల వాడకు రెండు ఆదివారాలు పోయాం. ముందు సమాచార హక్కు దరఖాస్తులు వేశాం. లెక్కలు వచ్చాక, తెలుగులో రాశాం. ఇంగ్లీషు చివరన వచ్చింది. గ్రాంటు ఇంకా రాలేదు, వస్తుందో రాదో కూడా చెప్పలేను. కానీ ఆ లెక్కలు పట్టుకుని సంఘం వాళ్లు ఈసారి విజిలెన్స్ కమిటీ ముందుకు పోయారు. ప్రపోజల్ కోసం తీసిన కాగితం దాత దగ్గరికి చేరకముందే ఒక పని చేసింది.

క్యాంపస్‌లలో ఉన్న మిత్రులకు ఒక్క మాట. మీకు ఇంగ్లీషు రాయడం వచ్చు, ఎక్సెల్ వచ్చు. మీ ఊరి సంఘానికి ఏడాదిలో రెండు ఆదివారాలు ఇవ్వండి. పోయేటప్పుడు ఖాళీ నోట్‌బుక్ తీసుకుపోండి. నమూనా ప్రపోజల్ తీసుకుపోవద్దు.